ప్రయోగం మన పిల్లల హక్కు

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మన పిల్లలు వల్లెవేసి మార్కులు తెచ్చుకుంటున్నారు. వెయ్యేళ్ల క్రితం ఇబ్న్ అల్-హైసమ్ దానిని పరీక్షించి చూశాడు. చీకటి గది రంధ్రానికి ఎదురుగా కొన్ని దీపాలు నిలిపి, ఒకదానికి అడ్డుపెట్టాడు. లోపలి గోడపై దాని వెలుగు మాత్రమే మాయమైంది.

ఏడో తరగతిలో ఇందుకు రంధ్రం చేసిన అట్టముక్క, మూడు కొవ్వొత్తులు, ఒక తెర చాలు. ఎడమ కొవ్వొత్తికి అడ్డుపెడితే ఏ మచ్చ పోతుందో పిల్లలు ముందు ఊహించాలి. కుడి మచ్చ పోయినప్పుడు కారణం వెతకాలి.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. కనుక ఉర్దూ మాధ్యమ పాఠశాలకు ప్రయోగ సామగ్రి, సైన్సు ఉపాధ్యాయుడు దయాభిక్ష కాదు, హక్కు. ఈ నెల పిల్లలు స్వయంగా ఏ ప్రయోగం చేశారని తల్లిదండ్రులు పాఠశాల కమిటీలో అడగాలని కోరుతున్నాం.