మానిటర్ మోసుకు రండి!

టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి ఫైటింగ్ వీడియో గేమ్‌లు ఆడే హైదరాబాద్ ఆటగాళ్ళకూ, ఒకప్పుడు ఆడి మానేసిన అన్నలకూ, ఆడనివ్వని తల్లిదండ్రులకూ విజ్ఞప్తి



ఆదివారం ఆటకు వచ్చేవాళ్ళు నెలనెలా తగ్గుతున్నారు. వచ్చినవాళ్ళలో కూడా ఎక్కువమంది ఆడతారు, చేతులు కలుపుతారు, వెళ్ళిపోతారు. బల్లలు సర్దడం, వైర్లు లాగడం, పేర్లు రాసుకోవడం, ఎవరికి ఎవరితో పోటీయో అరిచి చెప్పడం, ఆఖర్న గది ఊడ్చి తాళంచెవి అప్పగించడం, ఇవన్నీ ఇన్నాళ్ళూ ముగ్గురే చూశారు. వారిలో ఒకరు ఎమ్మెస్‌కని అమెరికా విమానం ఎక్కబోతున్నారు. ఇంకొకరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మిగిలిన మూడో మనిషే ఈ కరపత్రం అచ్చు వేయించింది.

ఊళ్ళో వాలీబాల్ ఎలా ఆగిపోతుందో చూశారా? ఆడే కుర్రాళ్ళు ఉంటారు, బంతీ ఉంటుంది. రోజూ సాయంత్రం వచ్చి నెట్ కట్టే మనిషి ఊరొదిలిన వారం నుంచి ఆట ఉండదు. మన పరిస్థితి ఇప్పుడు అదే.

నలభైకి దగ్గరపడ్డ అన్నలకు వేరే చెప్పక్కర్లేదు. తొంభైల్లో వీధి చివర వీడియో గేమ్ షాపు ఉండేది. ఒక మెషీన్‌లో ‘ముస్తఫా’, పక్కదాంట్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మూలన స్ట్రీట్ ఫైటర్. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చేదాకా మెషీన్ ఆటంటే ఎక్కువగా స్కోరు కోసమే. ఆ తర్వాత పక్కన నిలబడ్డ మనిషిని కొట్టడం కోసం అయింది. గెలిచినవాడు మెషీన్ వదలడు, ఓడినవాడు తప్పుకోవాలి, మళ్ళీ ఆడాలంటే మళ్ళీ బిళ్ళ వేయాలి. జేబులో బిళ్ళ లేనివాడు వెనక నిలబడి చూసేవాడు. ఆ చూడటంలోనే సగం విద్య అబ్బేది. ఎవడు ఏ దెబ్బకు కంగారుపడతాడో, ఎవడు మూలకు నెట్టగానే గాల్లోకి ఎగురుతాడో షాపులో అందరికీ తెలుసు.

ఆ షాపులు పోయాయి. మాల్‌లో కార్డు గీకి టికెట్లు పోగేసుకునే గేమ్ జోన్లు వాటి బదులు కావు. ఇది మన ఒక్కరి గోడే కాదు. న్యూయార్క్‌లో జస్టిన్ వాంగ్ లాంటి ఆటగాడు రాటుదేలిన చైనాటౌన్ ఫెయిర్ ఆర్కేడ్ 2011లో మూతపడింది. మరుసటి ఏడు తెరిచారు గానీ, కుటుంబాలు వచ్చి కాలక్షేపం చేసే చోటుగా తెరిచారు. అక్కడి ఆటగాళ్ళు దాని గుమ్మం ముందు నిలబడి నిట్టూర్చలేదు. బ్రూక్లిన్‌లో నెక్స్ట్ లెవెల్ అని ఇంకో చోటు లేచింది, కన్సోళ్ళు పెట్టుకుని వారం వారం ఆడుకున్నారు. ఈరోజు మన ఆటల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద పోటీ అని చెప్పుకునే ఈవో కూడా పెట్టుబడితో మొదలైంది కాదు. 1996లో కాలిఫోర్నియాలో, ఇప్పుడు మనవాళ్ళు కిక్కిరిసి ఉండే ఆ సన్నీవేల్‌లోనే, గోల్ఫ్‌లాండ్ అనే ఆర్కేడ్‌లో 40 మంది కూడి ఆడుకున్న పోటీ అది. 2023 ఈవోలో ఒక్క స్ట్రీట్ ఫైటర్ 6కే 7,000 మందికి పైగా పేర్లిచ్చారు. మధ్యలో ఇరవై ఏడేళ్ళు ఎవరో ఒకరు వైర్లు లాగుతూనే ఉన్నారు.

“ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడుకుంటాం కదా, ట్రాఫిక్‌లో పడి రావడం ఎందుకు?” అని అడుగుతున్నారు. ఆడండి. మేమూ ఆడతాం. రోల్‌బ్యాక్ వచ్చాక ఆన్‌లైన్ ఆట చాలా బాగుపడింది. అవతలివాడు నొక్కిన బటన్ సమాచారం చేరకముందే మన మెషీన్ ఊహించి ఆట నడుపుతుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్ళి సరిచేస్తుంది. జీజీపీఓ పేరుతో ఆ పద్ధతిని రాసిన టోనీ కానన్ ఈవో స్థాపకుల్లో ఒకడన్నది కూడా గుర్తుంచుకోండి. అంటే ఆన్‌లైన్ ఆట మంచి చెడ్డలు కూడా, నలుగురు కూడి ఆడే చోటు నుంచి వచ్చినవాడే పట్టించుకున్నాడు.

అయినా ఆన్‌లైన్‌లో ఒక సంగతి జరగదు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఒకే కాలి దెబ్బతో మిమ్మల్ని పదిసార్లు పడగొట్టి వెళ్ళిపోతాడు. ఎందుకు పడ్డారో మీకు తెలియదు, వాడు చెప్పడు. అదే పక్క కుర్చీలో ఉన్నవాడైతే ప్యాడ్ కింద పెట్టి, “అన్నా, ఆ కిక్ బ్లాక్ చేశాక వంతు నీదే, ఊరికే ఆగిపోతున్నావ్” అంటాడు. సెకనుకు 60 ఫ్రేముల ఆట. వంతు ఎవరిదో తేలేది అందులో రెండు మూడు ఫ్రేముల తేడాతో. అంత సన్నటి సంగతి నెలల తరబడి ఒంటరిగా తలబద్దలు కొట్టుకున్నా కొందరికి పట్టుబడదు, పక్కనవాడు ఒక్క ముక్క చెబితే ఆ సాయంత్రమే వచ్చేస్తుంది.

దీనికి సాక్ష్యం మన పొరుగునే ఉంది. లాహోర్ నుంచి అర్సలాన్ యాష్ అనే కుర్రాడు 2019 ఫిబ్రవరిలో జపాన్ వెళ్ళి టెక్కెన్ 7లో ఈవో జపాన్ గెలిచాడు, అదే ఆగస్టులో లాస్ వేగస్‌లో అసలు ఈవో గెలిచాడు. అంతదాకా టెక్కెన్ అంటే కొరియా, జపాన్. గెలిచాక అతను చెప్పిన మాట ఏమిటంటే, తనకు దీటైనవాళ్ళు ఇంటిదగ్గర ఇంకా ఉన్నారని. గొప్పలు పోతున్నాడనుకున్నారు చాలామంది. 2023 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్ ఇంకో పాకిస్తానీ ఆతిఫ్ బట్ పట్టుకుపోయాడు. వాళ్ళకేం గొప్ప స్పాన్సర్లు, శిక్షణ కేంద్రాలు ఉండి కాదు. ఒకరినొకరు ఎదురుగా కూర్చుని కొట్టుకుని కొట్టుకుని అంతవాళ్ళయ్యారు. లాహోర్‌కు ఉన్నది హైదరాబాద్‌కు లేనిది ఏముందో మీరే చెప్పండి. బిర్యానీ గురించి వాదన ఇప్పుడు వద్దు.

ఇక అసలు లెక్కకు వద్దాం. మన పోటీ డబుల్ ఎలిమినేషన్, రెండుసార్లు ఓడితే బయటికి. 16 మంది ఆడితే కచ్చితంగా 4 మంది ఒక్క పోటీ కూడా గెలవకుండా బయటికొస్తారు. అందరూ ఎంత బాగా ఆడినా అంతే, ఆ పట్టిక కట్టుబడే అలాంటిది. ఎల్బీనగర్ నుంచో, పటాన్‌చెరు నుంచో రెండు బస్సులు మారి వచ్చిన తమ్ముడు అరగంటలో రెండు దెబ్బలు తిని, ఎవరూ పలకరించక, గోడకానుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. వచ్చే వారం రాడు. వారానికి నలుగురు చొప్పున మనం పోగొట్టుకున్నది వీళ్ళనే. మొదట నిలిచేవాడు ఎలాగూ వస్తాడు. రెండూ ఓడినవాడు మళ్ళీ వస్తేనే 16 మంది 16 మందిగా ఉంటారు.

అందుకే ఇకనుంచి ఒక సెటప్, అంటే ఒక మానిటరూ కన్సోలూ, పోటీకి ఇవ్వం. అది ఓడినవాళ్ళది. సాయంత్రం దాకా అక్కడ ఎంతసేపైనా ఆడుకోవచ్చు, బాగా ఆడేవాళ్ళు వంతులవారీగా వచ్చి వాళ్ళతో ఆడాలి. మిమ్మల్నే అంటున్నాం, మొదటి నాలుగు స్థానాల్లో ఉండే పెద్దమనుషులారా! పోటీ అయిపోగానే బ్యాగ్ సర్దుకోవడం మానండి. మీరు నేర్చుకున్నది ఇంకొకరికి చెబితే మీకు పోటీనిచ్చేవాడు పుడతాడు. లేకపోతే ఆ నలుగురే ఒకరితో ఒకరు ఆడుకుంటూ ముసలివాళ్ళయిపోతారు.

బహుమతి డబ్బు పెడితే జనం వస్తారని కొందరి సలహా. వస్తారు, డబ్బు లేని వారం రారు. ప్రవేశ రుసుము వంద రూపాయలు హాలు అద్దెకూ కరెంటుకూ చాలదు, అందులోంచి బహుమతి తీస్తే గది ఉండదు. పందేలు అసలే వద్దు. పక్కన నిలబడి “ఐదొందలు వీడి మీద” అనేవాళ్ళను బయటికి పంపుతాం. ఆడపిల్ల చేతిలో ఓడి నోరు జారేవాడినీ అంతే, రెండో హెచ్చరిక ఉండదు.

పందెం మాట వచ్చింది కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. గేమ్ అనగానే మీ భయం రమ్మీ యాప్‌లు, అప్పులు. ఆ భయం న్యాయమైనదే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను విడిగా చూసింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కు పతకాలిచ్చారు, మన దేశం తరఫున ఇద్దరు ఆడారు. అక్కడ బంగారు పతకం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకు అప్పటికి 44 ఏళ్ళు. పరీక్షల నెలలో మీ పిల్లల్ని మేమే రావద్దంటాం. మిగతా ఆదివారాల్లో ఒకసారి మీరే వచ్చి కూర్చోండి, టీ ఇప్పిస్తాం.

మానేసిన అన్నలూ, 44 అన్న అంకె మీకు కూడా!

ఇక పని. 16 మంది పోటీకి కనీసం 30 మ్యాచ్‌లు. ఒక్కోటి పది నిమిషాలనుకున్నా ఒకే సెటప్ మీద ఐదు గంటలు. నాలుగు ఉంటే రెండు గంటల్లో తేలిపోయి, మిగతా సాయంత్రం అందరిదీ. అందుకే మానిటర్ మోసుకు రమ్మంటున్నాం. టీవీ వద్దు, చాలా టీవీల్లో బటన్ నొక్కాక బొమ్మ కదలడం ఆలస్యమవుతుంది. కన్సోల్ ఉన్నవాళ్ళు కన్సోల్, లేనివాళ్ళు ఎక్స్‌టెన్షన్ బాక్స్, అదీ లేకపోతే రెండు చేతులు. ప్యాడ్ వైరుతో తెచ్చుకోండి. వైర్‌లెస్ ప్యాడ్ తెచ్చేవాళ్ళు ఆట అవగానే కన్సోల్‌తో జత విడదీయండి. మీ జేబులో బటన్ నొక్కుకుని అక్కడెవరి ఫైనలో ఆగిపోతే రౌండ్ పోయేది వాళ్ళకు, తిట్లు మాకు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు మొదలు. 1 గంటకే వచ్చేవాళ్ళు బల్లలు సర్దడానికి కావాలి. చిరునామా ఈ కాగితం వెనక రబ్బరు స్టాంపు వేసి ఉంది, హాలు మారితే స్టాంపూ మారుతుంది. గుమ్మం దగ్గర పుస్తకం ఉంటుంది. అందులో ఆడేవాళ్ళకు ఒక పేజీ, పని పంచుకునేవాళ్ళకు ఒక పేజీ. రెండో పేజీలో పది పేర్లు పడేదాకా మొదటి మ్యాచ్ మొదలుపెట్టం.

చదివాక పారేయకండి, మీ కాలేజీలో ప్యాడ్ పట్టుకోవడం వచ్చిన ఇంకొకరికి ఇవ్వండి.

ఇట్లు
ఆదివారం ఆటగాళ్ళు, హైదరాబాద్