పుట్టిన తేదీకి కులం ఉందా?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అదే నగరపు పాతబస్తీ బాలుడు నేడు అండర్-15 లీగులో ఆడాలంటే ముందుగా జనన ధ్రువపత్రం చూపాలి. వయసు దాచి ఆడించే మోసం ఉన్నమాట నిజం. నిబంధన వద్దని నేననను. కాని 1969 చట్టం ప్రకారం ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లోనే పురుడు పోసుకున్న బీసీ-ఈ కుటుంబాలు, హజాములు, ధోబీ ముస్లింలు, కూలి మానుకొని ఎన్నిసార్లు తిరగగలరు? పలుకుబడి గల క్లబ్బు తనకు కావలసిన పిల్లవాడికి ఆ పత్రం తెప్పిస్తుంది, అక్కరలేని వాడిని అదే పేరుతో ఆపుతుంది. సంఘంలో ఓటు క్లబ్బుకే గాని పిల్లవాడి తండ్రికి లేదు. లీగుకు ముందే బస్తీల్లో నమోదు శిబిరాలు పెట్టాలి; ఖర్చు సంఘమే భరించాలి.