ట్రాలీ ఎక్కిన కూలీ సరుకా?

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, మిరపకాయలు ఏరడానికి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు ఎ.ఎం.ఆర్.పి. కాలువలో పడింది. తొమ్మిది మంది స్త్రీలు చనిపోయారు. మూడు నెలలైనా తిరగకముందే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వాళ్లలోనూ దాదాపు అందరూ కూలికి బయల్దేరిన స్త్రీలే.

ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా జరిగే తంతు మనకు తెలుసు. నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, డ్రైవరు నిర్లక్ష్యం అంటారు. ఆ తర్వాత మెల్లగా ఇంకో మాట వినిపిస్తుంది: అసలు అంతమంది ఆడవాళ్లు ఒక్క ట్రాలీలో ఎందుకెక్కాలి?

ఎందుకెక్కారో అడిగేవాళ్లకు తెలియదా? తెల్లవారకముందే లేచి వంట చేసి, పిల్లలకింత పెట్టి, సద్ది కట్టుకుని, పొద్దెక్కేలోగా ఆరేడు మైళ్ల అవతలి చేలో ఉండాలి. ఆలస్యమైతే మేస్త్రి కూలి కోస్తాడు. ఆర్టీసీ బస్సులో స్త్రీలకు టిక్కెట్టు లేదన్నారు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి. మంచిదే, మనం స్వాగతించాం. కానీ కాలువ గట్టు మీదికి ఏ బస్సు వస్తుంది? అక్కడికి వచ్చేది రైతో మేస్త్రో పంపిన ట్రాక్టరే. ఎక్కనంటే ఆ రోజు పని లేదు. దీన్ని ఇష్టపడి చేసిన ప్రయాణం అనడం మోసం.

ఇక ఆ బండి సంగతి. మగవాళ్ల విషయమని మనమెప్పుడూ దాని వంక సరిగా చూడలేదు, ఇప్పుడైనా చూడాలి. ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే. చేలో చప్పున మళ్లడానికి వీలుగా కుడికొకటి, ఎడమకొకటి రెండు పెడళ్లుంటాయి. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపి లాకు వెయ్యాలి. వెయ్యకుండా వేగంలో ఒక్కదాన్ని తొక్కితే బండి ఆ పక్కకే ఈడ్చుకుపోతుంది. ఆ పక్క కాలువ ఉంటే అంతే. వెనకున్న ట్రాలీకి చాలాచోట్ల బ్రేకులే ఉండవు. దాని సొంత బరువు టన్నుకు పైగా ఉంటుంది, పాతిక మంది ఎక్కితే మరో టన్నుకు పైగా తోడవుతుంది. పల్లంలో డ్రైవరు బ్రేకు వేసినా ట్రాలీ వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేశాడంటే ఇంజను పట్టు కూడా పోతుంది. బస్తాలు వేసినచోట కదలకుండా ఉంటాయి. మనుషులు మలుపులో ఒకవైపుకి ఒరుగుతారు, ట్రాలీ కూడా ఒరుగుతుంది.

ఇంతమంది ప్రాణాలూ ఆధారపడేది ఒక ఇనుప పిన్ను మీద. అది జారకుండా అడ్డం ఉండాల్సిన చిన్న లాకు పిన్ను పోతే దాని బదులు బైండింగు వైరు చుడతారు. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా ఒక గొలుసు వెయ్యాలి, వేసేవాళ్లు అరుదు. లాగే కడ్డీ పగిలితే సెంటరులో వెల్డింగు దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ తుప్పు గీకి, పగులును లోపలిదాకా అరగదీసి నింపితే అతుకు నిలుస్తుంది. తుప్పు మీదే పైపైన ఒక వరస లాగించి రంగేస్తే చూపుకి కొత్తదే, లోపల పగులు మాత్రం పగులే. వెల్డరును తిట్టి ప్రయోజనం లేదు. యజమాని ఇచ్చిన డబ్బుకూ, ఇచ్చిన పావుగంటకూ అంతే పని జరుగుతుంది. దాన్ని తనిఖీ చేసేదెవరు? డ్రైవరు నిర్లక్ష్యం అనే ఒక్క మాటలో వీళ్లందరూ తప్పించుకుంటున్నారు.

చట్టం దగ్గరికి వెళ్తే ఇంకో దెబ్బ. ట్రాలీ సరుకుల బండి. 1994 సవరణ తర్వాత అందులో సరుకు వెంట వెళ్లే యజమానికో, అతని ప్రతినిధికో బీమా ఉంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మిరపకాయల బస్తా వెంట వెళ్లే ఆసామికి రక్షణ ఉంది, ఆ మిరపకాయలు ఏరిన ఆమె ఊరికే ఎక్కిన మనిషి! ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కొన్ని కోర్టులు ఆదేశించిన మాట నిజమే. కానీ అందుకు ఎన్నేళ్లు తిరగాలి, ఎవరి ఖర్చుతో తిరగాలి?

కాబట్టి ఇది రవాణా శాఖ సమస్య అని వదిలేయకూడదు. పనికి ట్రాలీ పంపినవాడు యజమాని, ఆ ట్రాలీ పని స్థలంలో భాగం. ఇంటికీ పనికీ మధ్య జరిగే ప్రమాదం, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టేనని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా చెబుతోంది. చిక్కంతా ఆ రుజువు దగ్గరే. ఇవాళ ఒక రైతు, రేపు ఇంకొకరు, మధ్యలో గుత్త మేస్త్రి, ఎవరి పేరూ ఎక్కడా కాగితం మీద ఉండదు. మన సంఘాలు ఊళ్లో ఒక పుస్తకం పెట్టి, ఏ రోజు ఎవరు ఎవరి పనికి ఏ నంబరు ట్రాక్టరులో వెళ్లారో రాయిస్తే ఆ రుజువు తయారవుతుంది. చదువొచ్చిన ఒక్క అమ్మాయి చాలు.

మన లోపం కూడా ఒప్పుకోవాలి. ఇన్నేళ్లుగా శిక్షణ అంటే కుట్టుమిషన్లూ అప్పడాలూ ఇచ్చాం గాని, ఆడవాళ్లను ఒక్కరోజు ట్రాక్టరు దగ్గర నిలబెట్టి ఇది హుక్కు, ఇది పిన్ను, ఇది లాకు అని చూపించామా? హైడ్రాలిక్‌తో తొట్టి లేపి ఉండగా కింద దూరి రాలిన గింజలు ఊడవమంటే, దన్ను పెట్టకుండా దూరకూడదనీ, నూనె గొట్టం పగిలితే తొట్టి ఒక్కసారిగా మీద పడుతుందనీ చెప్పామా? ఒక సమావేశంలో నేనీ మాట ఎత్తితే, ఇవన్నీ ఆడవాళ్లకెందుకని అడిగింది మన కార్యకర్తే.

నాట్ల ముందు కూలి రేటు మాట్లాడుకునే రోజున బండి సంగతీ అక్కడే తేల్చుకోవాలి. ఆటోనో వ్యానో పెట్టి ఛార్జీ రైతు భరిస్తాడా, లేదా? అది కుదిరేదాకా ట్రాలీయే గతి అయిన ఊళ్లలో, ఎక్కేముందు ఇద్దరు దిగి పిన్నూ గొలుసూ పెడళ్ల లాకూ చూడాలి. లేకపోతే ఎవ్వరూ ఎక్కకూడదు. ఒక్కతే అడిగితే మర్నాడు ఆమెకు పని ఉండదు, అందుకే అడిగేది గుంపంతా కలిసి అడగాలి. అప్పటికీ ఆ రోజు కూలి పోతే దాన్ని ఎక్కణ్ణించి ఇవ్వాలన్నది సంఘం ముందే ఆలోచించి పెట్టుకోవాలి.