తాటకికి ముందు కథ

నోరు తెరిచి నాలుగు మాటలు అడిగిన ఆడదాన్ని మా గుంటూరు వైపు ‘తాటకి’ అనేస్తారు. కథలు రాసుకునేదాన్ని గనక, అసలా తాటకి ఎవరా అని నాకెప్పుడూ అనిపిస్తుంటుంది.

ఆవిడ పుట్టు రాక్షసి కాదండీ. వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడే రాముడికి ఆ సంగతి చెప్తాడు. సుకేతుడనే యక్షుడు సంతానం కోసం తపస్సు చేస్తే, బ్రహ్మ వెయ్యి ఏనుగుల బలమున్న కూతుర్నిచ్చాడు. కొడుకును మాత్రం ఇవ్వలేదు! అందగత్తె. సుందుణ్ణి పెళ్లాడింది, మారీచుణ్ణి కన్నది. అగస్త్యుడి వల్ల సుందుడు చచ్చిపోయాడు. మొగుడు పోయిన మనిషి కొడుకును వెంటేసుకుని ఆ మునిమీదికి వెళ్లింది. ఆయన శపించాడు. ఆ వికృత రూపం, మనుషుల్ని తినే గుణం అప్పుడొచ్చినవే. తర్వాత ఆమె మలద, కరూశ దేశాల్ని పాడుపెట్టింది, కాదనను. కానీ మనకు రాముడి బాణం గుర్తున్నంతగా ఆమె వైధవ్యం గుర్తులేదు.

గ్రీకుల మెడూసాదీ ఇంచుమించు ఇదే గతి. జుట్టంతా పాములు, ఆమెను చూసినవాళ్లు రాళ్లయిపోతారు. హెసియడ్ చెప్పిన పాత కథలో ఆమె ముగ్గురు గోర్గాన్ అక్కచెల్లెళ్లలో ఒకతె, చావున్నది ఆమెకొక్కతికే. ఒకటో శతాబ్దం మొదట్లో రోమన్ కవి ఓవిడ్ మరోలా చెప్పాడు. చక్కటి జుట్టున్న అందగత్తెను సముద్రదేవుడు మినర్వా దేవి గుడిలోనే చెరిచాడట. దేవి ఆయన్నేమీ అనలేదు, ఈమె జుట్టును పాముల్ని చేసింది! పెర్సియస్ తల నరికాక కూడా ఆమెకు విశ్రాంతి లేదు. చెడు దరిచేరకుండా ఆ మొహాన్నే గ్రీకులు గుళ్లమీదా డాళ్లమీదా పెట్టుకున్నారు, మనం కొత్త ఇంటికి నాలుక చాపిన దిష్టిబొమ్మ కట్టుకున్నట్టు.

1997-98లో పత్తి దెబ్బతిని, అప్పులు తీరక ఎందరో రైతులు పురుగుమందు తాగారు. గుంటూరు జిల్లాలోనూ ఆ చావులు చూశాం. అలా మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకామె, దినాలయ్యాక అప్పిచ్చినాయన ఇంటికి వెళ్లింది. “తాటకిలా మీదపడిందమ్మా” అని అరుగుమీద పెద్దమనుషులు తర్వాత చాలారోజులు చెప్పుకున్నారు. వాళ్లలో ఒక్కరైనా సుందుడి పేరు విన్నారో లేదో. ప్రామిసరీ నోటు మీద సంతకం తన భర్తదో కాదో ఒక్కసారి చూపించమని మాత్రమే ఆమె అడిగింది.