మిల్లింగ్ మిషనుకు ఓ చిన్న మోటారు

మిర్యాలగూడలో మిల్లింగ్ అంటే ఎవరికైనా వడ్లు ఆడించడమే గుర్తుకొస్తుంది. నేను చెప్పేది ఆ మిల్లు సంగతి కాదు, లేతు షాపుల్లో ఇనుము చెక్కే మిల్లింగ్ మిషను గురించి. రైతుకు దానితో ఏం పని అంటారా? పంపు షాఫ్టుకు కీ గాడి కొట్టాలన్నా, విరిగిన బ్రాకెట్ స్థానంలో కొత్తది చేయించాలన్నా చివరికి పోయేది అక్కడికే.

ఒక వానాకాలం కోదాడ వైపు మా బావమరిదికి ఇదే గతి పట్టింది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు. కాలువలో నీళ్లున్న నాలుగు రోజుల్లోనే మోటారుతో ఎత్తిపోసుకుని దమ్ము చేయాలి. సరిగ్గా అప్పుడే పంపు షాఫ్టు కీ గాడి తినేసింది. కొత్త షాఫ్టు లేతు మీద గంటలో తయారైంది. గాడి కొట్టే కుర్రాడు మాత్రం ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ, ఇంకొకరికి జవాబు చెబుతూ ఒక్కసారి గట్టిగా నెట్టాడు. కట్టరు పుటుక్కుమంది. "అన్నా, ఆ సైజు ఇంకోటి లేదు. హైదరాబాదు నుంచి రావాలె" అన్నాడు. మూడు రోజులు పోయాయి. "బావా, నారు ముదురుతుంది, నువ్వన్నా గట్టిగ అడుగు" అని బావమరిది ఫోను మీద ఫోను. కట్టరు లేనిదే నేను అడిగి ఏం చేసేది?

తప్పంతా కుర్రాడిదేనని అనలేను. చేతితో తిప్పే టేబులు స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకోండి. 300 మిల్లీమీటర్ల పట్టీ ఒకసారి చెక్కాలంటే 60 చుట్లు. పది కోతలకు 600, వెనక్కి తేవడానికి మరో 600. ఏ చెయ్యి ఒకే తీరున తిరుగుతుంది?

టేబులును మోటారుతో నడిపించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొత్త మిషను కొనక్కరలేదు. పాత కారు వైపర్ మోటారు చాలు. లోపల వార్మ్ గేరు ఉంటుంది కాబట్టి నిదానంగా, బలంగా తిరుగుతుంది. కారుది 12 ఓల్టులు, పెద్ద లారీది 24. అది నిమిషానికి 45 చుట్లు తిరిగితే, మూడుకు ఒకటి లెక్కన పళ్ల బెల్టుతోనో చైనుతోనో తగ్గిస్తే స్క్రూకు 15 చుట్లు, అంటే నిమిషానికి 75 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల గాడికి ఇంచుమించు సరిపోయే వేగమే. ఎక్కువ తక్కువలకు చిన్న స్పీడు కంట్రోలరు పెట్టుకోవచ్చు.

అయితే ఎలా పడితే అలా బిగిస్తే ముప్పే. టేబులు రెండు చివరలా లిమిట్ స్విచ్చి ఉండి తీరాలి. కట్టరు ఆగితే టేబులు కూడా ఆగేలా వైరింగు చేయాలి. మోటారు మీద నడిచేటప్పుడు హ్యాండిల్ ఊరికే గిర్రున తిరిగితే అంగీ చెయ్యి చుట్టుకుంటుంది, కాబట్టి క్లచ్చి పెట్టాలి, లేదా హ్యాండిల్ ఊడదీయాలి. కొన్ని వైపర్ మోటార్లలో మైనస్ బాడీకే కలిసి ఉంటుంది. దాన్ని విడదీయకుండా రివర్స్ స్విచ్చి కడితే షార్టు కావచ్చు. పాత మిషన్ల స్క్రూలో ఆట ఎక్కువ. అందుకని కట్టరు తిరిగే దిశకు ఎదురుగానే పని ముక్కను పంపాలి, లేకుంటే కట్టరే లాగేసుకుంటుంది. మరో మాట, మోటారుకు చేతికున్న స్పర్శ ఉండదు. మొద్దుబారిన కట్టరును చెయ్యి పసిగడుతుంది, మోటారు నెట్టుకుంటూ పోతుంది. ఫ్యూజు పెట్టినా మనిషి దగ్గరుండాల్సిందే.

ఇది పెద్ద చదువుల పని అనేవాళ్లకు ఆలేరు చింతకింది మల్లేశం గారిని గుర్తుచేస్తాను. తల్లి ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించడం చూడలేక 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. పెద్ద చదువులేమీ చదవలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం తయారుచేసిన నాటికి ఆలేరు కూడా మన నల్లగొండ జిల్లాలోదే.

నా ఫిర్యాదు ఒకటుంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, కమ్మరి ఉన్నాడు, పనిముట్లకు 15 వేల రూపాయల సాయముంది. లేతు, మిల్లింగ్ పనివాడి పేరు మాత్రం విడిగా లేదు. కొడవలి చేసేవాడికి ఇవ్వడం న్యాయమే. మరి పంపు షాఫ్టు చేసేవాడు రైతుకు తక్కువ అక్కరకొస్తున్నాడా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటి పక్క రేకుల షెడ్డులో మిషను పెట్టుకున్నవాళ్లకు ఆ సాయం అందినా ఈ పని జరిగిపోతుంది. ఈలోగా 2015 నుంచి ఉన్న ముద్రా పథకంలో 50 వేల దాకా ఇచ్చే శిశు రుణం అడగవచ్చు. రైతులు కూడా షాపులో పది రూపాయలు తగ్గించమని బేరమాడే ముందు, టేబులు చేతి మీద నడుస్తుందా మోటారు మీదా అని ఓసారి చూడండి.

మా బావమరిది ఈసారి నీళ్ల కోసం ఎదురుచూడలేదు. ఎండాకాలంలోనే ఇంకో షాఫ్టు చేయించి, రెండు కీలు కలిపి గోనె సంచిలో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.