ఆ కాగితం నాన్నతోనే పోయింది

నాన్న పెద్దకర్మ రోజు. భోజనాలు అయ్యాయి, టెంటు ఇంకా విప్పలేదు. పెద్దన్నయ్య ప్లాస్టిక్ కవరులోంచి స్టాంపు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. "ఇక్కడొక సంతకం పెట్టు చెల్లెమ్మా. ఎలాగూ నాన్న జీపీఏ నా పేరునే ఉంది కదా" అన్నాడు. చదివాను. విడుదల దస్తావేజు. ఇంటి మీదా, రెండెకరాల మాగాణి మీదా నాకే హక్కూ లేదని నాచేతే రాయించే కాగితం.

పెట్టలేదు. ఇలాంటి కవర్లు ఎన్ని పెద్దకర్మల్లో ఆడపిల్లల ముందుకు వచ్చాయో విన్నదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తాను.

జీపీఏ ఆస్తి కాదు. నడవలేని తండ్రి, తన బదులు బ్యాంకుకూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకూ వెళ్లమని కొడుక్కిచ్చిన అధికారం. ఇంటిపనులు చక్కబెట్టమని ఇచ్చిన ఆ అధికారం ఆయన ఊపిరితోనే ఆగిపోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 201వ సెక్షన్. ఇచ్చినాయనకు మతి తప్పినా అంతే, ఆ రోజుతో సరి. మనుషుల్ని గుర్తుపట్టలేని తండ్రి పేరు మీద పొలం బేరం పెట్టే కొడుకులు ఈ మాట చెవిన వేసుకోవాలి. తండ్రి పోయాక కూడా అదే కాగితం చూపించి అమ్మితే దాన్ని మోసమనే అంటారు, పెద్దరికమనరు. కొనేవాళ్లకూ ఒక మాట: వట్టి జీపీఏ అమ్మకంతో స్థలం మీ సొంతం కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఇంకొకటి. జీపీఏ పట్టుకున్నవాడు లెక్క చెప్పాలి. మూడేళ్ల కౌలు ఎంత? ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎందుకు తీశారు? ఇదడిగితే "తోడబుట్టినవాణ్ణి అనుమానిస్తావా" అని పెద్దమనుషులు నా మీదే గుడ్లురిమారు. నాన్నకు చివరి ఏడాదంతా స్నానం చేయించింది మా వదిన. ఆ రుణం నేను తీర్చలేనిది. దానికి లెక్క కట్టమనండి, నా వాటాలోంచి సంతోషంగా ఇస్తాను. నోరు తెరిచి అడగాలి. ఏడ్చి ఏడ్చి కళ్లు మసకబారిన రోజు చూసి సంతకం లాక్కుంటే ఇవ్వను.

నాన్న వీలునామా రాయలేదు. ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానవాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. పిత్రార్జితం సంగతా? ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయిన ఆడపిల్లల్ని అది బయటే ఉంచింది. 2005లో కేంద్రం ఆ తేడా కూడా తీసేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా ఇంట్లో వినిపించిన మాట, "నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా" అని. ఆ కట్నం మా అత్తవారి బీరువాలోకి పోయింది, నేను కళ్లతో చూడనైనా లేదు. అన్నయ్యల ఇంజనీరింగు చదువులకైన డబ్బు వాళ్ల వాటాల్లోంచి ఎవరైనా కోశారా?

కాగితాలు తిరిగిచ్చి లోపలికి వెళ్లాను. అమ్మ మంచం మీద కూర్చుంది. ఎడమచేతి బొటనవేలికి నీలం సిరా. వారపత్రిక వస్తే అక్షరం వదలకుండా చదివే మనిషి, సంతకం పొందిగ్గా పెట్టే మనిషి. చెయ్యి వణుకుతోందని వేలిముద్ర వేయించుకున్నారట.

"ఏం కాగితమమ్మా అది?"

"నాన్న పింఛను నాకు రావడానికన్నారే."

భర్త ఆస్తిలో పిల్లలతో సమానంగా తనకూ ఒక వాటా ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. ఏమీ అనలేదు. కొంగు తడిపి ఆ వేలు రుద్దుకుంటూ చాలాసేపు అలాగే కూర్చుంది.