ఎవరి కుటుంబం విచ్ఛిన్నమైంది?

ఈమధ్య గుడివాడలో ఒక సదస్సుకు వెళ్లాను. వక్త ఒకాయన 'విచ్ఛిన్న కుటుంబాలు, దారితప్పుతున్న బాలలు' అని గంటసేపు మాట్లాడారు. తల్లులు పనులంటూ ఊళ్లు పట్టిపోతున్నారనీ, ఆడవాళ్లలో సర్దుకుపోయే గుణం నశించిందనీ, అందుకే పిల్లలు బడి మానేస్తున్నారనీ ఆయన బాధ. ముందు వరసలో కూర్చున్న పెద్దల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనవల్ని ఫోన్లో చూసుకుంటూ, పెద్ద మేడలో ఇద్దరే మిగిలిన ఆ ఇళ్లను ఆయన విచ్ఛిన్న కుటుంబాలు అనలేదు. అవి పిల్లలు 'స్థిరపడిన' కుటుంబాలట. నాగాయలంక నుంచి హైదరాబాదుకు ఇళ్లల్లో పనికి వెళ్లి, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, నెలనెలా డబ్బు పంపే మనిషిది మాత్రం విచ్ఛిన్న కుటుంబం!

ఆయన్ను ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. నా సిద్ధాంత వ్యాసంలో నేనూ ఈ మాట అనేకసార్లు వాడాను. సోషియాలజీ పుస్తకాలు మాకు నేర్పిన మాట అది. తండ్రి, తల్లి, పిల్లలు ఒక కప్పు కింద ఉంటే కుటుంబం, లేకపోతే దాని శిథిలం. ఆ శిథిలాన్ని ఎవరు కూల్చారని అడిగితే వేలు ఎప్పుడూ ఆడమనిషి వైపే చూపిస్తుంది.

ఆమె ఊరు ఎందుకు విడిచింది? డెల్టా శివారు ఊళ్లలో ఆడకూలీలకు నాట్లు, కలుపు, కోతలే ఆధారం. కోతకు యంత్రం వచ్చింది. చాలాచోట్ల నారు పోసి నాటడం పోయి విత్తనం వెదజల్లడం వచ్చింది. గుడివాడ దాటి కైకలూరు వైపు, ఇటు దివిసీమలో సముద్రం వైపు, వరిచేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయ్యాయి. ఎకరం నాటాలంటే పదిమంది దాకా ఆడవాళ్లు కావాలి. చెరువుకు ఒక కాపలా మనిషి చాలు, అతను మగవాడు. బందరులో చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని ఉంది, పెడనలో కలంకారీ అద్దకం ఉంది. ఇంట్లో కూర్చుని ముక్కకింత చొప్పున చేసే పనితో అద్దె కట్టి పిల్లల్ని చదివించడం ఎంతమందికి సాధ్యం? కూలి పోయినప్పుడు ఎవరూ సదస్సు పెట్టలేదు. ఆమె బస్సెక్కాక పెట్టారు.

పిల్లలకు నష్టం జరగడం లేదని నేను అనను. జరుగుతోంది. తల్లి దగ్గర లేని ఇంట్లో పెద్దకూతురు పన్నెండేళ్లకే పొయ్యి దగ్గరకు చేరుతుంది. తమ్ముణ్ణి బడికి పంపి తను ఆగిపోతుంది. ఆడపిల్లకు కాపలా ఎవరుంటారన్న భయంతో అమ్మమ్మే సంబంధం చూస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తండ్రి ఉన్న ఇళ్లలోనూ ఇదే జరుగుతోందని వేరే చెప్పాలా? పిల్లకు కావలసింది తండ్రి అనే పదవి కాదు. హాస్టలు, బస్సు, ఇంటిదగ్గర ఒక పెద్దదిక్కు, తల్లికి ఊళ్లోనే పని.

ఇవేవీ ఇవ్వని వ్యవస్థ తండ్రి సంతకం మాత్రం అడుగుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి అంటుంది. ఆ 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకనే అని అర్థం కాదనీ, అతను పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలనీ గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. చట్టంలో అక్షరం మారలేదు. ఆఫీసు గుమాస్తా దగ్గరకు ఆ తీర్పు చేరనూ లేదు.

'తల్లికి వందనం' డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది, మంచిదే. కానీ అర్హత చూసేది కుటుంబం మొత్తాన్ని. ఇంటికి నాలుగు చక్రాల సొంత వాహనం ఉంటే పథకం రాదు. భర్త వదిలేసి పోయి అయిదేళ్లయినా కార్డులో ఇద్దరూ ఒకే కుటుంబంగా ఉన్న ఒకామెను అవనిగడ్డ దగ్గర కలిశాను. అతను రెండో భార్యతో తిరగడానికి కొన్న కారు ఈమె పిల్లల మెడకు చుట్టుకుంది. కార్డు విడదీయమంటే విడాకుల కాగితం తెమ్మన్నారట. ఒంటరి స్త్రీల పింఛనుకూ విడిపోయినట్టు రుజువు కావాలి. వదిలేసి పోయేవాడు రుజువు రాసిచ్చి పోతాడా?

భరణం సంగతి సరేసరి. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన అరవై రోజుల్లో సాధ్యమైనంతవరకు తేల్చాలని 2001లో సవరణ వచ్చింది. పాత 125వ సెక్షను 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144గా మారింది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అతని అడ్రసు దొరికితే కదా నోటీసు!

దివిసీమకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని మింగింది. మిగిలినవాళ్లు మిగిలిన పిల్లల్ని దగ్గరకు తీశారు. పిన్ని, మేనత్త, పొరుగింటి ముసలమ్మ, ఎవరు చేరదీస్తే వాళ్లే ఆ బిడ్డకు ఇల్లయ్యారు. ఆ ఇళ్లను చూసి ఎవరూ విచ్ఛిన్నం అనలేదు, బతికారు అన్నారు. ఉప్పెనలో పోతే సానుభూతి, కూలి పోయి చెదిరితే నింద!

ఇప్పుడు సంఘాలుగా మనం చేయవలసింది ఈ గుమాస్తా బల్లల దగ్గరే ఉంది. కృష్ణా జిల్లాలో ప్రతి మండలంలోనూ భర్త వదిలేసిన స్త్రీల జాబితా మనమే తయారుచేయాలి. విడాకుల కాగితం లేకుండా, ఊరివాళ్ల సాక్ష్యంతో, సంఘం వాంగ్మూలంతో కార్డు విడదీయాలని కలెక్టరేటు ముందు కూర్చోవాలి. పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మను సంరక్షకురాలిగా దరఖాస్తులో రాయించాలి. నేను కలిసిన ఆమె తల్లికి అరవై ఎనిమిదేళ్లు. నెలకు వచ్చే నాలుగు వేల పింఛనులో ఇద్దరు మనవరాళ్లు కూడా తింటున్నారు. చిన్నదానికి ఈ జూన్లో ఆరో తరగతి. బడి దరఖాస్తులో తండ్రి సంతకం గడి ఇంకా ఖాళీగానే ఉంది.